పేరు రాయని క్యాసెట్

నా దగ్గర ఒక పాత సీ-90 క్యాసెట్ ఉంది. ఒకవైపు జమైకా గాయకుడు బాబ్ మార్లే, రెండోవైపు గద్దర్. దాన్ని అట్లా నింపింది నేనే. 1991లో తెనాలిలో ఒక రికార్డింగ్ షాపులో పనిచేసేవాణ్ణి. పంతొమ్మిదేళ్లు. పొద్దున రేపల్లెలో ప్యాసింజర్ ఎక్కి, భట్టిప్రోలు, వేమూరు మీదుగా తెనాలిలో దిగి, రాత్రి ఆఖరి బండికి ఇల్లు చేరేవాణ్ణి. జనం తెల్లకాగితం మీద పాటల పేర్లు రాసుకొచ్చి, ఖాళీ క్యాసెట్ కొనిచ్చి, నాలుగు రోజులాగి వచ్చి పట్టుకెళ్లేవాళ్లు. పెళ్లిళ్ల రోజుల్లో టీ తాగడానికి కూడా తీరేది కాదు.

మార్లే పాటలు తెచ్చింది ఓడల్లో పనిచేసే బాపట్ల అన్న ఒకాయన. సెలవుకొచ్చినప్పుడు కాపీ చేయమని ఇచ్చి, “నువ్వూ ఒకటి చేసుకోరా, బాగుంటయ్యి” అన్నాడు. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. అందులోనూ అది జమైకా యాస. నాకు అందింది దరువొక్కటే. అదీ మొదట్లో అందలేదు. ఒకటో దెబ్బ పడాల్సిన చోట ఏమీ ఉండదు. డ్రమ్ము మూడో దెబ్బకి పడుతుంది. నడుమ గిటారు చటుక్కున మోగి ఆగిపోతుంది. టేపు పాడైందేమోనని హెడ్ కూడా తుడిచాను. నాలుగోసారి వినేటప్పటికి నా కాలు దానంతటదే ఆడటం మొదలుపెట్టింది.

ఆ ఏడాది ఆగస్టు 6న చుండూరు జరిగింది. తెనాలి నుంచి బాపట్ల వెళ్లే లైన్లోని ఊరు. సినిమా హాల్లో కాలు తగిలిందన్న తగాదా ముదిరి ముదిరి, ఎనిమిది మంది దళితుల ప్రాణాలు తీసేదాకా వెళ్లింది. శవాల్ని గోతాల్లో కుక్కి కాలువలో పడేశారు. బతికినవాళ్లు ఊరొదిలి తెనాలి చేరారు. బజార్లో ఎక్కడ చూసినా పోలీసులే.

కొన్నాళ్ల తర్వాత ఒక రాత్రి, షట్టర్ సగం దించాక ఒక కుర్రాడు వంగి లోపలికొచ్చాడు. చేతిలో లేబుల్ లేని క్యాసెట్. “అన్నా, పది కాపీలు కావాలి.” వేసి చూశాను. గద్దర్ పాటలు. అందులో 1985 నాటి కారంచేడు దళితుల హత్యల మీద కట్టిన ‘దళిత పులులమ్మా’ ఉంది. చివర్లో ఒక ఆడమనిషి గొంతు. తోడుగా డప్పు తప్ప ఇంకేమీ లేదు. ఏదో సభలో పట్టిన రికార్డు. వెనక పసిబిడ్డ ఏడుపు వినిపిస్తోంది. చనిపోయిన ఎనిమిది మంది పేర్లూ ఆమె ఒక్కొక్కటే పాటలో చెబుతోంది. పేరు వచ్చినప్పుడల్లా డప్పు ఆగుతోంది. అచ్చం మార్లే పాటలోని ఖాళీలాగే.

“పాడినామె పేరు చెప్తాను, రాయి అన్నా” అన్నాడా కుర్రాడు. నేను రాయలేదు. యజమానికి తెలిస్తే పని పోతుంది, పోలీసులకి తెలిస్తే అంతకంటే ఎక్కువే పోతుంది. “పేర్లొద్దు తమ్ముడూ, నీకూ నాకూ మంచిది” అన్నాను. అతను నా మొహంలోకి ఒకసారి చూసి ఊరుకున్నాడు. పది కాపీలు చేసిచ్చాను. పదకొండోది నా కోసం చేసుకున్నాను. ఖాళీగా ఉన్నది మార్లే వెనకవైపే కాబట్టి అందులో ఎక్కించాను.

ఆమె ఎనిమిది మంది పేర్లు చెప్పింది. నేను ఆమె ఒక్కదాని పేరు రాయలేకపోయాను. ముప్పయ్యేళ్లకు పైగా మోస్తున్న ఈ సంగతి ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, ఈమధ్య రేపల్లె బండిలో ఎదురు సీటులో ఒక కాలేజీ కుర్రాడు కూర్చున్నాడు. టీషర్టు మీద మార్లే బొమ్మ, కింద గంజాయి ఆకు. “ఎవరు బాబూ ఆయన?” అని అడిగాను. “గంజాయి పాటలు పాడతాడు అంకుల్” అన్నాడు. తప్పు ఆ అబ్బాయిది కాదు. పాట పోయి బొమ్మ మిగిలితే ఎవరికైనా కనిపించేది ఆకే.

మార్లే 1945లో పుట్టి, కింగ్‌స్టన్‌లో ట్రెంచ్‌టౌన్ అనే పేదల పేటలో పెరిగాడు. చెరకు తోటల బానిసల మనవలూ మునిమనవలూ ఉండే పేట అది. 1976 డిసెంబరు 3న అతని ఇంట్లోకి చొరబడి తుపాకులతో కాల్చారు. రెండు రోజుల తర్వాత ఆ గాయాలతోనే వేదికెక్కి వేల మంది ముందు పాడాడు. 1978లో కొట్టుకు చస్తున్న రెండు పార్టీల నాయకులు మేన్లీ, సియాగాలను వేదిక మీదికి పిలిచి ఇద్దరి చేతులూ కలిపి పైకెత్తాడు. 1980లో జింబాబ్వేకి స్వాతంత్ర్యం వచ్చిన రాత్రి అక్కడ పాడటానికి సామాను ఖర్చులు తానే పెట్టుకున్నాడు. మరుసటేడు ముప్పయ్యారేళ్లకే క్యాన్సర్‌తో పోయాడు.

అతని పాటల్లో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది 1976 నాటి ‘వార్’. దాని మాటలు చాలావరకు అతనివి కావు. ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీ 1963లో ఐక్యరాజ్యసమితిలో చేసిన ప్రసంగంలోవి. తోలు రంగును బట్టి మనిషికి విలువ కట్టినంతకాలం శాంతి ఉండదన్నది దాని సారం. ఐక్యరాజ్యసమితి ప్రసంగాలు మనలో ఎంతమంది చదివాం? ఫైల్లో పడి ఉండాల్సిన ఆ మాట దరువెక్కి తెనాలిలో నా షాపుదాకా వచ్చింది. భాష రాని నాక్కూడా, ఇది అడుక్కునే గొంతు కాదు, అడిగే గొంతు అని తెలిసింది.

గద్దర్ చేసిందీ ఆ పనే. అసలు పేరు గుమ్మడి విఠల్. గోచి, గొంగడి, కాలికి గజ్జెలు, చేతిలో కర్ర. మార్లే తన దేశం మాట్లాడే మాటలో పాడితే, ఈయన కూలీల మాటలో పాడాడు. కారంచేడు సంగతి మా ఇంటి పక్క మామ్మకి తెలిసింది పాట వల్లే. ఆమెకి చదువు రాదు. 1985 జులై 17న చీరాల పక్క కారంచేడులో ఆరుగురు దళితుల్ని చంపారని, తాగే చెరువు దగ్గర మొదలైన గొడవ దానికి మూలమని, ఆమె పేపర్లో చూసింది కాదు, విన్నది. 1997 ఏప్రిల్ 6న గద్దర్ మీదా ఇంట్లోనే కాల్పులు జరిగాయి. ఒక తూటా వెన్నులో చివరిదాకా ఉండిపోయింది. ఆయన 2023లో పోయారు. ఆగస్టు 6న. చుండూరు రోజున. జమైకాకి స్వాతంత్ర్యం వచ్చింది కూడా 1962లో అదే తేదీన. తేదీలు కలవడం కాకతాళీయమే, దాన్నుంచి అర్థాలు లాగను. కానీ ఆ తారీఖు వస్తే ఆ క్యాసెట్ బయటికి తీస్తాను.

ఇద్దరికీ ఇంకో పోలిక ఉంది. బతికుండగా తూటాలు, పోయాక ప్రభుత్వ లాంఛనాలు. మార్లేకి జమైకా ప్రభుత్వం, గద్దర్‌కి తెలంగాణ ప్రభుత్వం అధికారికంగా అంత్యక్రియలు జరిపాయి. ఇప్పుడు తెలంగాణలో సినిమా అవార్డులు గద్దర్ పేరుతో ఇస్తున్నారు. ఒకప్పుడు నంది అవార్డు వద్దన్న మనిషి పేరుతో! గౌరవించడం తప్పని అనను. అయితే దండ వేశాం కదా అని పాట వినడం మానేస్తే, ఆ గౌరవానికీ టీషర్టు మీది బొమ్మకీ తేడా లేదు.

పాటతో న్యాయం వస్తుందా అని అడిగేవాళ్లున్నారు. సరైన ప్రశ్నే. మార్లే ఆ ఇద్దరు నాయకుల చేతులు కలిపిన రెండేళ్లకే జమైకా ఎన్నికల్లో వందల మంది చచ్చిపోయారు. చుండూరులో కేసును కోర్టులో నిలబెట్టింది పాట కాదు, బెదిరింపులకు లొంగని సాక్షులు, బొజ్జా తారకం లాంటి న్యాయవాదులు. నేరం జరిగిన ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఆ తీర్పు అమలును సుప్రీంకోర్టు ఆపింది. ఇక్కడే నాకు పాట విలువ తెలిసింది. తీర్పు ఒకటి వచ్చింది, పోయింది. సాక్షులు ముసలివాళ్లయ్యారు, కొందరు పోయారు. ఆ ఎనిమిది పేర్లు మాత్రం నా క్యాసెట్లో ఏ కోర్టూ కొట్టేయకుండా ఉన్నాయి. పాట శిక్ష వేయలేదు. కానీ ‘అసలేమీ జరగలేదు’ అని ఎవణ్ణీ అననివ్వదు. ఆశ అంటే నాకు తెలిసింది ఇదే. రేపు బాగుంటుందన్న భరోసా కాదు, నిన్న జరిగింది చెరగదన్న ధైర్యం.

పాట ఇలా జనం బాధను మోయడం మన నేలకి కొత్తేమీ కాదు. 1921లో చీరాల-పేరాల జనం మున్సిపాలిటీ పన్ను కట్టబోమని ఇళ్లొదిలి పాకల్లోకి వెళ్లినప్పుడు, ముందు నడిచిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వట్టి ఉపన్యాసకుడు కాదు, పాట తెలిసినవాడు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ బెంగాల్ కరువును బుర్రకథగా చెప్పి మన పల్లెల్ని ఏడిపించారు. కలకత్తా ఆకలి ఇక్కడి జొన్న చేలదాకా వచ్చింది గుమ్మెట దరువు మీదే.

పేరున్న పెద్దవాళ్ల పాటలకి ఏం ఢోకా లేదు, ఫోన్లో వెతికితే దొరుకుతాయి. పోతున్నవి పేరు లేనివాళ్ల పాటలు. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల పేటల్లో చాలా ఇళ్లలో అటక మీద ఇలాంటి క్యాసెట్లు ఉంటాయి. టేపు మీద తెల్లటి బూజు పడుతోంది. ఇంకో పదేళ్లకు తిరగవు. కాలేజీ పిల్లలకి నా విన్నపం ఒకటే. మీ ఇంట్లో, మీ పేటలో పాత క్యాసెట్ ఉంటే ఫోన్లోకి ఎక్కించండి. పాడినవాళ్లు బతికుంటే వెళ్లి కూర్చోండి, మళ్లీ పాడించుకోండి. అన్నిటికంటే ముందు పేరు అడగండి. అడిగి, రాయండి.

ఇక నా సొంత విన్నపం. 1991 ఆగస్టు తర్వాత తెనాలి చుట్టుపక్కల ఏదో సభలో, పసిబిడ్డ ఏడుపు వినిపిస్తుండగా, ఎనిమిది పేర్లూ వరసగా చెప్పి పాడిన అక్క ఎవరో మీకు తెలుసేమో. ఆమెకు తెలియజెప్పండి. ఆమె పాట నా దగ్గర భద్రంగా ఉంది. లేబుల్ మీద ఆమె పేరు రాయాల్సిన గీత ఇంకా ఖాళీగానే ఉంది.