తిత్తికి తగిన పట్టీ

ఫిజిక్సు విద్యార్థులకు వీట్‌స్టన్ బ్రిడ్జి ఒక గండం. ఆ వీట్‌స్టన్ మహాశయుడే 1844లో కాన్సర్టీనాకు పేటెంటు పుచ్చుకున్నాడంటే మా కాలేజీ పిల్లలు నమ్మరు. ఆరు పలకల చిన్న పెట్టె, నడుమ తిత్తి, లోపల మన హార్మోనియంలో వలెనే రీడ్లు.

లండనులో కాపురమున్న మా మేనకోడలు, కొడుక్కి ఆ వాద్యమూ, పట్టీలూ, పాఠ్యపుస్తకమూ ఒక్కసారే కొనేస్తానన్నది. "ఏ రకం అమ్మాయీ?" అన్నాను. "ఇందులోనూ రకాలా మామయ్యా?" అన్నది.

లేకేం! ఇంగ్లీషు రకానికి బొటనవేళ్లు దూర్చే తోలుపట్టీలు, చిటికెనవేళ్లకు లోహపు ఆసరా. తిత్తి తెరిచినా మూసినా బొత్తానికి ఒకటే స్వరం. ఆంగ్లో రకానికి చేతిని చుట్టే పట్టీ కావాలి. తెరిస్తే ఒక స్వరం, మూస్తే మరొకటి. ఐర్లండు వారికి ప్రాణం ఇదే. డ్యుయెట్‌కూ చేతిపట్టీలే గాని మంద్రం ఎడమచేతికి, తారం కుడిచేతికి. మళ్లీ అందులో మక్కాన్, క్రేన్, హేడెన్ అని శాఖలు. ఒకదాని పుస్తకంతో మరొకటి నేర్వబోవటం, చిన్నయసూరి వ్యాకరణం పట్టుకొని కన్నడం నేర్వబోవటమే!

పిల్లవాడు ఐరిష్ పాటలపై మోజుపడ్డాడట. ఇంగ్లీషు రకం కొనిపెడితే, ఆంగ్లో వాయించే గురువు వేలు ఎక్కడ పెట్టమని చూపగలడు? ముందు గురువును వెదకమన్నాను, ఆయన వాయించే రకమే కొనమన్నాను. పట్టీలు ఆ తరువాత. మరీ బిగిస్తే వేళ్లాడవు, వదిలితే తిత్తి చెప్పినమాట వినదు. అబ్బాయి చేయి చూడకుండా తపాలాలో తెప్పించే సరుకు కాదది.