ప్రశ్న వేశాక కాస్త ఆగండి

మన సంఘాల్లో గృహకూటం అంటే తరచూ ఆదివారం ప్రసంగానికి కొనసాగింపే. నడిపే అన్నగారు నలభై నిమిషాలు మాట్లాడతారు, మిగతావాళ్లు ఆమెన్ అంటారు, టీ వస్తుంది. దాన్ని బైబిలు అధ్యయనం అనడానికి నాకు నోరు రాదు.

మార్కు 4వ అధ్యాయంలోని తుఫాను సంగతే తీసుకోండి. పడవలో యేసు దేనిమీద తల పెట్టుకుని నిద్రపోయాడని అడిగితే, తలగడ అని ఎవరో ఒకరు చెబుతారు. అక్కడితో సరి. తుఫాను ఆగిపోయాక కూడా శిష్యులు ఎందుకు భయపడ్డారని అడిగి చూడండి. ఎవరూ పలకరు. ఆ మౌనం భరించలేక నడిపేవారే జవాబు చెప్పేస్తే, వచ్చే వారం ఆలోచించే శ్రమ ఎవరూ పడరు. ఆగితే, వంటింటి గుమ్మం దగ్గర కూర్చున్న కోడలు నోరు విప్పవచ్చు. ఆమె మాట సగంలో అత్తగారు అందుకోకుండా చూడటమూ నడిపేవారి పనే (అసలు కష్టం ఇదే!).

వరసగా తలా ఒక వచనం చదివించే అలవాటు మానుకుంటే మేలు. చదువు రానివారు ఆ వరస తమదాకా వస్తుందనే కూటానికి రావడం మానేస్తారు.

మనుషుల మాట వినే చిన్న కూటాలు కొత్తవేమీ కావు. 1742లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో జాన్ వెస్లీ అనుచరులు మందిరం అప్పు తీర్చడానికి పన్నెండేసి మంది గుంపులుగా ఏర్పడ్డారు. వారానికి మనిషికో పెన్నీ. వసూలుకని ఇల్లిల్లూ తిరిగిన నాయకులకు ఎవరి బతుకు ఎలా ఉందో తెలిసొచ్చింది. మెథడిస్టుల క్లాసు కూటాలు అలా మొదలయ్యాయి.

ఈ సంచికలో మార్కు సువార్త మీద ఆరు వారాలకు సరిపడా ప్రశ్నలు ఇస్తున్నాం. జవాబులు పంపమని మాత్రం ఉత్తరాలు రాయకండి.