ఆవేశానికి మందు ఉపదేశం కాదు, వ్యవధి

ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసిన కాలంలో పురుగుమందు తాగిన పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్లలకు ఎందరికో వైద్యం చేశాను. మాట వచ్చిన వెంటనే వారిలో చాలామంది అన్నది ఒక్కటే: "నన్ను బతికించండి డాక్టరుగారూ". గంట క్రితం చావాలనుకున్నవారే ఆ మాట అన్నారు. వారిని అక్కడికి తెచ్చింది చాలాసార్లు క్షణికావేశం, చేతికందిన డబ్బా.

ఈ వయస్సులో మెదడులో ఉద్వేగాలను రగిలించే భాగాలు చురుకుగా ఉంటాయి. ముందువెనుకలు ఆలోచించి నిగ్రహించే భాగం నుదుటి వెనుక ఉంటుంది. అది పూర్తిగా పరిణతి చెందడానికి సుమారు 25 ఏళ్లు పడుతుంది. కనుక "బుద్ధి లేదా?" అని పిల్లలను నిందించడం వ్యర్థం. మొక్క మానయ్యేవరకు కంచె వేయడం పెద్దల పని.

మొదటి కంచె తాళం. నగరం, రేపల్లె, బాపట్ల, తెనాలి ప్రాంతాలలో పొలం ఉన్న ఇంట పురుగుమందు ఉండడం సహజమే. అది వంటింటి పక్కన, మంచం కింద ఉండరాదు. పెట్టెలో పెట్టి తాళం వేయండి. తాళంచెవి పెద్దల వద్దనే ఉండాలి. శ్రీలంక 1990లలో అత్యంత విషపూరితమైన పురుగుమందులను నిషేధించిన తరువాత, పదేళ్లలో ఆత్మహత్యల రేటు సగానికి తగ్గింది. ఆవేశం చల్లారే వ్యవధి దొరికితే ప్రాణం నిలుస్తుంది.

రెండవది, తప్పు చేసినా భయపడకుండా చెప్పుకోగల ఒక పెద్ద మనిషి. తల్లి, మేనమామ, మాస్టారు, ఎవరైనా సరే. మీ బిడ్డకు అటువంటివారు ఎవరున్నారో ఈ రోజే ఆలోచించండి.

మూడవది నిద్ర. ఈ వయస్సువారికి రోజుకు 8 నుంచి 10 గంటలు అవసరం. తెల్లవారుజామున లేపి, అర్ధరాత్రి వరకు చదివించే పద్ధతి మార్కుల కోసం నిగ్రహశక్తిని బలి ఇస్తుంది.

ఇక ఫలితాల రోజు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తరువాత ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలు రాశాయి. ఆ ఫలితాలలోనే తెలుగులో సున్న వచ్చిన ఒక విద్యార్థినికి, పత్రం మళ్లీ చూడగా 99 మార్కులు వచ్చాయి. నిజంగా తప్పినవారికీ సప్లిమెంటరీ పరీక్ష ఉన్నది. ఆ రోజు బిడ్డను ఒంటరిగా వదలకండి. మార్కులు అడిగే ముందు అన్నం పెట్టండి.

కొన్ని వారాలుగా దిగులుగా, ముభావంగా ఉన్న పిల్లల విషయం వేరు. దానిని ఆవేశమని తీసిపారేయక వైద్యునికి చూపించండి. టెలీ మానస్ 14416 నంబరులో పగలూ రాత్రీ ఉచితంగా, తెలుగులో సలహా లభిస్తుంది. ఆ నంబరును మీ బిడ్డ ఫోనులో మీరే నమోదు చేయండి. ఆ తరువాత పురుగుమందు డబ్బా ఎక్కడున్నదో వెళ్లి చూడండి.