ఆరోగ్య శీర్షిక: కుర్చీ విడువని పెద్దలు

పదవీ విరమణ చేసిన పెద్దలకు దినపత్రిక, కాఫీ, టీవీ రిమోటు కూర్చున్నచోటికే అందించడం సేవ అని మేమూ భావించాము. ఆ సేవే వారిని కుర్చీకి కట్టివేస్తున్నది. నడిచేటప్పుడు పిక్క కండరాలు కాళ్ళలోని రక్తాన్ని గుండెవైపు నెడతాయి. గంటల తరబడి కదలకుంటే పాదాలు వాస్తాయి, తొడల బలం సన్నగిల్లుతుంది. చేతి ఊతం లేనిదే లేవలేని స్థితి ఆ తరువాతిదే. లండను బస్సులలో కూర్చుండే డ్రైవర్లకన్న మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని జెర్రీ మారిస్ బృందం 1953లోనే వెల్లడించింది.

దినపత్రికను వరండాలో, రిమోటును టీవీ పక్కనే ఉంచుదాము. (మంచినీళ్ళు మాత్రం చేరువలోనే ఉండాలి, దూరమైతే త్రాగడమే మానివేస్తారు.) సీరియల్ మధ్య ప్రకటనలు రాగానే లేవమని ఆజ్ఞాపించక, ముందు మనమే లేచి చేయి అందిద్దాము. రక్తపోటు మందులు వాడేవారికి లేవగానే కళ్ళు తిరగవచ్చు. వారు కొంతసేపు కూర్చున్నచోటనే పాదాలు ఆడించి, పిదప నెమ్మదిగా లేవాలి.