సంతకం కింద గీత

సంతకం పైకి వాలేలా పెట్టాలట. కింద ఒకే గీత ఉండాలట. చివర చుక్క పెడితే వచ్చే డబ్బు ఆగిపోతుందట. టీవీలో, యూట్యూబ్‌లో ఈ సలహాలిచ్చేవాళ్లు జ్యోతిషం అనరు, గ్రాఫాలజీ అంటారు, సైన్సంటారు.

ఆ సైన్సుకు తత్వశాస్త్రపు పునాది వేసినవాడు లుడ్విగ్ క్లాగెస్ (1872–1956). హానోవర్‌లో పుట్టి, మ్యూనిక్‌లో రసాయనశాస్త్రంలో డాక్టరేట్ తీసుకున్నాడు, అది చేతికి రాకముందే చేతిరాతల్లో పడ్డాడు. 1917లో చేతిరాత, స్వభావం మీద పుస్తకం తెచ్చాడు. ఆత్మకు బుద్ధే శత్రువన్నది ఆయన సిద్ధాంతం. 1929–32 మధ్య వెలువడిన ఉద్గ్రంథం పేరే అది. జీవం లయగా సాగుతుంటే బుద్ధి అడ్డుపడుతుంది, ఆ పెనుగులాట కలం కదలికలో బయటపడుతుంది అంటాడు.

కిటుకంతా తర్వాతి మెట్టులో ఉంది. ఆయన పద్ధతిలో ప్రతి గుర్తుకూ రెండర్థాలు. ఒత్తి రాస్తే సంకల్పబలం కావచ్చు, మొండితనమూ కావచ్చు. ఏదో తేల్చేది రాత మొత్తంలో కనిపించే జీవకళ. దాన్ని కొలవడానికి స్కేలు లేదు, చూసేవాడికి తట్టాలి. ఇక ఈ శాస్త్రం తప్పేదెప్పుడు? ఫలిస్తే మంత్రం గొప్ప, ఫలించకపోతే నీ భక్తి తక్కువ అనే బాబాల బేరం కూడా ఇదే కదా.

పైగా ఈ గుర్తులు పుట్టింది గొలుసుకట్టుగా సాగే యూరప్ రాత చూసి. అక్షరాలు కలిపి రాసేవాడికి తర్కం ఎక్కువ, విడదీసేవాడికి అంతర్దృష్టి ఎక్కువ అంటారు. తెలుగులో ‘క్ష’ రాసి కలం ఎత్తకుండా ‘ణం’ రాసేవాళ్లు ఎందరు? వత్తుకీ, గుడికీ చెయ్యి లేస్తూనే ఉంటుంది. ఆ లెక్కన మనలో తర్కం తెలిసినవాడే ఉండకూడదు.

పరీక్షలు జరగకపోలేదు. 1989లో నెటర్, బెన్‌షఖార్ అనే పరిశోధకులు పాత అధ్యయనాలు కలిపి చూస్తే, ఉద్యోగార్థుల రాత చదివి పనితనం అంచనా వేయడంలో గ్రాఫాలజిస్టులు మామూలు మనుషుల కంటే మెరుగేమీ కాదు. రాసినవాడు తన జీవితకథ రాస్తే ఆ కథే ఆధారం ఇస్తోంది, అక్షరాలు కాదు. (సంతకం ఫలానావాడిదేనా అని కోర్టుకు చెప్పే నిపుణుడి పని వేరు. అతను స్వభావం జోలికి పోడు.)

క్లాగెస్ అన్నీ తప్పే చెప్పాడని కాదు. అడవులు నరికేస్తున్నారని, జంతుజాతులు అంతరిస్తున్నాయని 1913లోనే రాశాడు. వెదురు అడవుల పక్కన పేపర్ మిల్లు ఉన్న కాగజ్‌నగర్ వాసికి ఆ బాధ తెలుస్తుంది. కానీ నేరం బుద్ధి మీద మోపాడు. తాడోబా పులుల అభయారణ్యం వైపు నుంచి ఈ అడవుల్లోకి వచ్చే పులిని ఇవాళ కెమెరా ట్రాప్ ఫొటోలో చారలు పోల్చి గుర్తుపడుతున్నారు. అది బుద్ధి పనే. ఇక తట్టిందే జ్ఞానమన్న ఆ పెద్దమనిషి, యూదుల మీద విషం కక్కిన రాతలు కూడా వదిలాడు.

మళ్లీ సంతకం దగ్గరికి వద్దాం. కాగజ్‌నగర్‌లో 1938లో నిజాం కాలంలో స్థాపించిన సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో ఆగింది. దివాలా చట్టం కింద 2018లో జేకే పేపర్ చేతికొచ్చాకే మళ్లీ తెరుచుకుంది. మూతపడినప్పుడు పైకి వాలిన సంతకానికీ, కిందికి జారిన సంతకానికీ, వేలిముద్రకీ కలిపే పని పోయింది. సంతకం సరిచేస్తామనేవాళ్లు ఆ ఊరొస్తే ఒక పని పెట్టొచ్చు. మిల్లు ఆగాక ఊరు విడిచి వెళ్లినవాళ్లవి పది, ఉండిపోయినవాళ్లవి పది రాతలు తీసుకోవాలి. అందరూ ఒకే పేరా రాయాలి, పేర్లు ఉండకూడదు. ఎవరు వెళ్లారో, ఎవరు ఉన్నారో విడదీయమనాలి. బొమ్మాబొరుసు వేసినా సగం కలుస్తాయి. చాలాసార్లు అంతకు మించి కలిపి చూపిస్తే అప్పుడు ఫీజు మాట్లాడుకోవచ్చు.