పేరు తెలియకుండా మందు వద్దు

కోయంబత్తూరు, మదురై పక్కల తాతల కాలం నుంచీ ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటూ, ఇప్పుడు మల్బరీ పెట్టుకున్న రైతులందరికీ ఒక మాట.

నాలుగో జ్వరం దాటాక పురుగు మేత మానేసి, మెత్తబడి, నల్లబడి చస్తే మనం ‘ఫ్లాచరీ’ అనేస్తాం. వెంటనే అంగడికి పోయి ఏదో ఒక యాంటీబయోటిక్ తెచ్చి ఆకు మీద చల్లుతాం. ఈ అలవాటు మానాలని నేనంటాను. వైరస్ వచ్చినా, నాలుగైదు రకాల బ్యాక్టీరియాల్లో ఏది వచ్చినా పురుగు చూడ్డానికి ఇంచుమించు అలాగే చస్తుంది. ఏది చంపిందో కంటికి తెలియదు. ల్యాబులోనే తేలాలి.

బీటీ సంగతే చూడండి. 1901లో జపాన్‌లో ఇషివాతా అనే శాస్త్రవేత్త, ఉన్నట్టుండి వాలిపోయి చచ్చే పట్టుపురుగుల్లోంచి ఒక బ్యాక్టీరియాను వేరుచేశాడు. 1911లో జర్మనీలో బెర్లినర్‌కు అదే పిండి పురుగుల్లో దొరికింది. ఆయన పెట్టిన పేరే బాసిల్లస్ తురింజియెన్సిస్. ఈరోజు కూరగాయలకు కొట్టే బీటీ మందు అదే. పక్క తోటలో కాలీఫ్లవర్‌కి కొట్టింది గాలికి మన ఆకు మీద పడితే పురుగు దక్కదు. చంపేది దాని స్ఫటికంలో ఉండే విషం. ఆ విషానికి యాంటీబయోటిక్ విరుగుడు కాదు.

ల్యాబువాళ్లు ముందు బ్యాక్టీరియాను పళ్లెంలో విడిగా పెంచుతారు. గ్రామ్ రంగు వేస్తారు. ఊదా నిలిస్తే పాజిటివ్, పోయి గులాబీ పడితే నెగటివ్. ఊదా రంగు గుండ్రటివైతే హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేస్తారు. బుడగలు లేస్తే స్టాఫిలోకాకస్ వైపు, లేవకపోతే స్ట్రెప్టోకాకస్ వైపు. పొడుగాటివై, లోపల స్పోరు ఉంటే దాని పక్కన స్ఫటికం కోసం మైక్రోస్కోపులో వెతుకుతారు. స్ఫటికం ఉంటే బీటీ. లేకపోతే దాని దాయాది బాసిల్లస్ సీరియస్ కావచ్చు. డీఎన్ఏలో మామూలుగా చూసే 16ఎస్ పరీక్ష కూడా ఈ రెండింటినీ విడదీయలేదు.

అయితే సగం పని మన చేతిలోనే ఉంది. చచ్చి కుళ్లిన పురుగు పంపితే, చచ్చాక పెరిగిన బ్యాక్టీరియా దొరుకుతుంది, చంపింది దొరకదు. జబ్బుపడి ఇంకా కదిలే పురుగుల్ని, పడకలో పొడి చల్లకముందే, గాలాడే పెట్టెలో అదే రోజు పంపాలి. ఎన్నో జ్వరం, ఏ తోట ఆకు, చుట్టుపక్కల ఏం మందు కొట్టారు, ఇవన్నీ చీటీలో రాయాలి. మేట్టుపాళయంలో తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం పట్టు విభాగం ఉంది, మైసూరులో కేంద్ర పరిశోధన సంస్థ ఉంది. ముందు ఫోన్ చేసి అడిగి పంపండి.

అధికారులకూ ఒక విన్నపం. రిపోర్టులో బ్యాక్టీరియా పేరు రాసిస్తే సరిపోదు. ఆకు మార్చాలా, షెడ్డులో తేమ తగ్గించాలా, పక్క తోటాయనతో మాట్లాడాలా, అది మాకు అర్థమయ్యే మాటల్లో, తర్వాతి చాకీ దించేలోపు చెప్పండి. ఆలస్యంగా వచ్చిన రిపోర్టు ఆ పంటకు పనికిరాదు.