బాయిలోపలి బాటలు

టొరంటో నేలకింది దుకాణాల దారులు చూడ్డానికి జనం పనిగట్టుకుని వెళతారు. కానీ బెల్లంపల్లి కింద 1920ల చివరి నుంచే మనవాళ్లు బొగ్గు కోసం దారులు తొలిచారు. అక్కడ కప్పును మోసేది తవ్వకుండా వదిలిన బొగ్గే. 1957 బొగ్గు గనుల నిబంధనల్లో గ్యాలరీ, అంటే ఆ దారి, సాధారణంగా 4.8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు దాటకూడదని ఉండేది. లోతు పెరిగేకొద్దీ అలా వదిలిన బొగ్గు పిల్లర్ పెద్దదవ్వాలి. ఆఖరికి ఆ పిల్లర్లనూ తీసేస్తారు. వెనక కప్పు కూలుతుంది, లేదా ఇసుకతో నింపుతారు. ఇక మైన్ ప్లాన్‌లో గీతలే మిగులుతాయి. ఏ మలుపులో గాలాడేదో, ఎక్కడ నీళ్లు కారేవో దిగినవాళ్లకే తెలుసు. ఈ సంచికలో రిటైరైన కార్మికులు చెప్పింది అదే. మీ ఇంట్లో బాయి దిగిన పెద్దమనిషి ఉంటే, ఆయన నడిచిన దారి అడిగి రాసి పంపండి.